కూర్చోగూడని కుర్చీ

మన ఇళ్లలో సోఫాకు జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. కొన్ననాడు దుకాణంవాడు కప్పిన ప్లాస్టిక్ తొడుగు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఎండాకాలం దానిమీద కూర్చుంటే వీపు తడిసి, లేచేటప్పుడు చర్రుమని చప్పుడొస్తుంది. అయినా తొడుగు తీయం. పిల్లలు ఎక్కితే కసురుతాం. ఇంటాయన కాళ్లు చాపితే గొణుగుతాం. మన సంగతి సరేసరి, కూరగాయల పళ్లెం ముందు పెట్టుకుని కిందనే కూర్చుంటాం. ఎవరికోసమైతే ఇంత జాగ్రత్త చేశామో ఆ వచ్చేవాళ్లు వచ్చి, పావుగంట కూర్చుని, చాయ్ తాగి వెళ్లిపోతారు.

అయితే గొప్పవాళ్ల సంగతి వింటే మన ప్లాస్టిక్ తొడుగు ఏ మూలకూ రాదు. 2015లో లండన్లో ఒక వాలు కుర్చీని వేలం వేశారు. మార్క్ న్యూసన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు 1980లలో చేసింది. అచ్చుపోసిన ఒంటిమీద అల్యూమినియం రేకులు పరిచి, విమానం రెక్కలకు కొట్టినట్టు వరసగా రివెట్లు కొట్టాడు. దూరం నుంచి చూస్తే పాదరసం బొట్టు ఒరిగి పడుకున్నట్టుంటుంది. ఇరవై నాలుగు లక్షల పౌండ్లకు పైగా పలికింది. అప్పటి లెక్కన మన డబ్బులో 20 కోట్ల పైమాటే. అంత పోసి కొన్నవాళ్లు మధ్యాహ్నం భోంచేసి దానిమీద కునుకు తీస్తారంటారా? నాకైతే నమ్మకం లేదు.

ఇలాంటివి చేసేవాళ్లూ, కొనేవాళ్లూ ఇప్పుడొక ప్రత్యేక లోకం. కుర్చీలే, బల్లలే, దీపపు స్తంభాలే. కానీ శిల్పాల్లా చేస్తారు. ఎనిమిదో పన్నెండో చేసి నంబర్లు వేసి ఆపేస్తారు. వాటిలో ఎక్కువ మోజు దేనికంటే, ప్రకృతినీ యంత్రాన్నీ ఒకచోట కూర్చినవాటికి. హాలెండులో యోరిస్ లార్మన్ అనే ఆయన 2006లో ఎముక కుర్చీ అని ఒకటి చేశాడు. మన ఎముక ఉంది చూడండి, బరువు పడే చోట మందమవుతుంది, పడని చోట పలచబడుతుంది. చెట్టూ అంతే, గాలి ఎటు తోస్తే అటు బలం పోసుకుంటుంది. కార్ల భాగాల బరువు తగ్గించడానికి ఇదే సూత్రం మీద తయారు చేసుకున్న కంప్యూటరు లెక్కలుంటే, వాటిని ఆయన కుర్చీకి వాడాడు. మనిషి కూర్చుంటే బరువు ఎక్కడ పడుతుందో అక్కడే లోహం ఉంచి మిగతాదంతా తీసేశాడు. చివరికి కొమ్మలు కొమ్మలుగా చీలిన అల్యూమినియం కుర్చీ తయారైంది. అలాంటివి పన్నెండే చేశాడు. బొమ్మలో చూస్తేనే కళ్లు తిప్పుకోలేం. నిజం చెప్పాలంటే చాలా అందమైన వస్తువు.

అందమైనదే గానీ, ఆ ఆలోచన మాత్రం మాకు కొత్త కాదు.

మాది బీర్పూర్. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో మండలం. 2016 దాకా సారంగాపూర్ మండలంలో ఊరు. గుట్టమీద నరసింహస్వామి, చుట్టూ అడవి, ఉత్తరంగా పోతే గోదావరి, దాటితే ఒకప్పటి ఆదిలాబాదు జిల్లా టేకు అడవులు. మా చిన్నప్పుడు వడ్లాయన నాగలి చెయ్యాలంటే ముందు రంపం పట్టుకునేవాడు కాదు. చెలకల వెంట, వాగు ఒడ్డున తుమ్మచెట్లు చూసుకుంటూ తిరిగేవాడు. మెడ వెనక్కి వాల్చి ఒక్కో కొమ్మనూ పరీక్షగా చూసేవాడు. ఆయనకు కావలసింది నాగలి వంపుతో పుట్టిన కొమ్మ. తిన్నటి దుంగను కోసి వంపు తీస్తే ఏమవుతుందని మేమడిగితే నవ్వేవాడు. కర్రలో నార తెగిపోతుంది. మొదటి రాయి తగలగానే పుటుక్కుమంటుంది. చెట్టే వంగితే నార కూడా దాంతోపాటే వంగి వస్తుంది, ఎంత లాగినా విరగదు. ఆ వంపుకు కొనన కమ్మరి ఇనుప కర్రు దిగ్గొట్టేవాడు. బరువు ఎక్కడ పడుతుందో చెట్టు ముందే లెక్క కట్టి పెట్టిందన్నమాట. కంప్యూటరు లేని ఎముక కుర్చీ అది! దానికి నంబరు వెయ్యలేదు. పంట వచ్చాక కల్లం దగ్గర వడ్లాయనకు ధాన్యం కొలిచేవారు, అంతే.

యంత్రంతో కలిసినంత మాత్రాన చెట్టు విలువ పోతుందనీ నేననను. వియన్నాలో మైకేల్ థోనెట్ 1859లో ఒక కుర్చీ చేశాడు. బీచ్ అనే చెట్టు కర్రను ఆవిరి పట్టి, మెత్తబడ్డాక ఇనుప అచ్చుల్లో వంచేవాడు. ఆరు కర్రముక్కలు, పది మరలు, రెండు నట్లు, కుర్చీ అయిపోయింది. విప్పి సర్దితే మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టెలో 36 కుర్చీలు పట్టేవట. ఆ పెట్టెలు ఓడలెక్కి దేశదేశాలు తిరిగాయి. మా వైపు నుంచి బతుకుతెరువుకు బొంబాయి పోయినవాళ్లను అడగండి, అక్కడి ఇరానీ హోటళ్లలో నల్లటి వంపు కుర్చీల మీద కూర్చుని బన్నుమస్కా తినే ఉంటారు. ఆ బాపతే అవి. అందమైనదీ, యంత్రంతో చేసినదీ, ఒక కప్పు చాయ్ ఖరీదుకి ఎవరైనా కూర్చోగలిగినదీ కూడా!

మరి నాకు నొప్పి ఎక్కడ? ఖరీదు దగ్గరా?

హైదరాబాదులో ఉండే నా స్నేహితురాలు అదే అంటుంది. "నీకు లేదు గనక నీకు కోపం" అని మొహమ్మీదే అనేసింది. ఈమధ్య ఆవిడ ఒక భోజనాల బల్ల కొంది. రెండు వారలా చెట్టు అంచులు చెక్కకుండా అలాగే ఉంచిన టేకు పలకలు, వాటి మధ్య నీలంరంగు రెసిన్ పోశారు. రెసిన్ అంటే గట్టిపడే జిగురు, ప్లాస్టిక్ జాతిదే. చూడటానికి రెండు గట్ల మధ్య నది పారుతున్నట్టుంటుంది. 'రివర్ టేబుల్' అంటారట. గోదావరి పక్కన పుట్టినదాన్ని కదా, నాకు కాస్త నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని చాయ్ కప్పు పెట్టబోతే, ఆవిడ పరుగున వచ్చి కింద ఒక బిళ్ల పెట్టింది. ఆ బిళ్ల గీతలు పెడుతుందని దాని కింద ఒక గుడ్డ పెట్టింది. భోజనాలు వంటింట్లో పాత బల్లమీదే.

"నీ బీరువాలో ధర్మవరం పట్టుచీర లేదూ? రోజూ కట్టుకుని అంట్లు తోముతున్నావా?" అంది.

మంచి ప్రశ్నే. ఆ రోజంతా ఆలోచించాను. పట్టుచీర దాచుకుంటాం గానీ, అది పెళ్లి కోసం ఎదురుచూస్తుంది. పెళ్లి వస్తుంది, చీర ఒంటిమీదకొస్తుంది, దానిమీద పసుపు మరకో సాంబారు మరకో పడుతుంది, వచ్చి ఉతికించుకుంటాం. ఆ మరక చూసి ఫలానావాళ్ల పెళ్లి అని పదేళ్ల తర్వాత కూడా చెప్పుకుంటాం. నంబరు వేసిన కుర్చీకి పెళ్లిరోజు ఏది? దానిమీద ఎవరైనా కూర్చున్న మరుక్షణం దాని ధర పడిపోతుంది. కూర్చోకపోవడమే దాని పని. ఇక్కడే నాకు మింగుడుపడదు.

ఎందుకు మింగుడుపడదో చెప్పాలంటే మళ్లీ మా ఊరివైపే రావాలి. మేం కుర్చీని కుర్సీ అంటాం. నా తరానికి అది నాలుగు కాళ్ల చెక్కే గానీ, మా బాపమ్మ తరానికి అది హోదా. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో దొరల గడీలుండేవి. గడీ అరుగుమీద కుర్చీ ఉండేది. దానిమీద దొర. కింద మట్టిలో రైతు, చెప్పులు చేతిలో పట్టుకుని. దొర ఊళ్లో లేనప్పుడు ఖాళీ కుర్చీ ముందు కూడా వంగి నడిచిన మనుషులుండేవారని బాపమ్మ చెప్పేది. కొన్ని ఊళ్లలో తమ ఇంటి ముందు తమ మంచంమీద కూర్చున్నా సరే, దొర వెళుతుంటే దిగి నిలబడాల్సిందే. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలకు వేలు కదిలి ఊరేగింపు తీశారు. అదే అక్టోబరులో ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలని ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లు అడిగింది భూమి, కూలి రేట్లు, వెట్టి పోవడం. కుర్చీ ఎవరూ అడగలేదు. కానీ ఆ తర్వాత పంచాయితీలో కూర్చునే తీరే మారిపోయిందని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కూర్చోగూడని కుర్చీ అనగానే మావైపు మనిషికి కళ గుర్తుకురాదు మరి, ఏం చెయ్యను?

గడీల సంగతి అలా ఉంచి మన ఇళ్లే తీసుకోండి. మా తాతకు టేకు కుర్చీ ఒకటుండేది. ఊళ్లో వడ్లాయన చేసిందే. చేవ కర్ర, చేతుల చివర్లలో చిన్న కమలం పువ్వు చెక్కాడు. తాత పోయాక అది ఆరేళ్లు ఖాళీగా ఉంది. బాపమ్మ రోజూ పొద్దున్నే కొంగుతో తుడిచేది. కూర్చోవే అంటే, "నాకెందుకు బిడ్డా, కూసుంటే కాళ్లు కిందికి అందయి" అనేది. మొగుడిమీద గౌరవమనుకుని మేమంతా మురిసిపోయేవాళ్లం. ఒకసారి పిల్లలం కలిసి బలవంతాన కూర్చోబెట్టాం. నిజమే, అందలేదు! రెండు పాదాలూ గాలిలో ఊగాయి. ఆ కుర్చీ ఒక పొడుగాటి మగవాడి మోకాలి కొలతకు చేసింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ చేసేటప్పుడు ఆడవాళ్ల కొలత తీసుకోవాలని ఎవరికీ తట్టలేదు. ఆవిడ దిగిపోయి, తన పీట లాక్కుని, చిక్కుడుకాయలు ముందేసుకుంది. గౌరవం అని మనం పేరుపెట్టినవాటిలో ఎన్నింటికి కాళ్లు అందకపోవడం కారణమో!

అందుకే జార్జి నకషిమా అనే ఆయన గురించి తెలుసుకున్నప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. జపాను వాళ్ల బిడ్డ, అమెరికాలో 1905లో పుట్టాడు. చదివింది ఇళ్ల నిర్మాణం. 1930ల చివర పుదుచ్చేరి వచ్చి, అరవిందాశ్రమం వారి కోసం కడుతున్న వసతి గృహం పని దగ్గరుండి చూశాడు. ఆ భవనం పేరు గోల్కొండ్. పేరు ఎక్కడిదనుకుంటున్నారు? మన గోల్కొండే! కట్టడానికి లక్ష రూపాయలు నిజాము ప్రభుత్వం నుంచి, హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా వెళ్లాయి. ఆ కృతజ్ఞతతో మన వజ్రాల కొండ పేరు పెట్టుకున్నారు. ఆ ఇంట్లోకి మంచాలూ కుర్చీలూ కూడా టేకుతో నకషిమా చేయించాడు. ఆశ్రమంలో ఆయనకు సుందరానంద అని పేరు. తర్వాత యుద్ధం రోజుల్లో, 1942లో, జపాను వాళ్లన్న పాపానికి అమెరికా ప్రభుత్వం ఆయన్నీ, భార్యనీ, పసిబిడ్డనీ ముళ్లకంచెల శిబిరంలో పెట్టింది. అక్కడ ఒక జపాను వడ్రంగి దగ్గర శిష్యరికం చేశాడు. దొరికిన చెత్తకర్రతోనే పని నేర్చుకున్నాడు.

బయటికొచ్చాక ఆయన చేసిన బల్లల్లో చెట్టు అంచు చెట్టు అంచులాగే ఉంటుంది. కర్రలో బీట ఉంటే లప్పంతో పూడ్చడు. బీటకు అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో చిన్న చెక్కముక్క దిగ్గొట్టి, ఇక చీలకుండా పట్టి ఉంచుతాడు. బీట ఎవరికైనా కనబడుతుంది. ఇవాళ దుకాణాల్లో చూసే అంచు చెక్కని బల్లలన్నింటికీ ఒకరకంగా ఆయనే తాత. కానీ ఆయన చేసినవి తినడానికీ, రాసుకోవడానికీ, పిల్లలు ఎక్కి దూకడానికీ. ఆయన కొడుకు కెవిన్ చిన్నప్పుడు ఇంట్లో సామాన్లన్నిటిమీదా గీతలు పెట్టేవాడట. కొత్త బల్లకు అలాంటి గీతలూ మచ్చలూ పడటానికి ఆయన కొడుకు పేరుమీద ఒక క్రియాపదమే కల్పించాడు, 'కెవిన్ చేయడం' అని. మనం పిల్లవాడి వీపు విమానం మోత మోగించే చోట ఆయన పేరు పెట్టి ముద్దు చేసుకున్నాడు. నూరేళ్లు పెరిగిన చెట్టును కొట్టినప్పుడు దానికి మనుషుల మధ్య ఇంకో బతుకు ఇవ్వాలన్నది ఆయన నమ్మకం. ఆయన 1990లో పోయాడు. 2006లో న్యూయార్కులో ఆయన చేసిన ఒక బల్ల ఎనిమిది లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయింది. దానిమీద ఇప్పుడు ఏ కెవిన్‌నూ ఎక్కనివ్వరేమో.

ఇంతవరకూ చదివి మీరు నాతో తలూపుతూ ఉంటే, మిమ్మల్ని చండీగఢ్ తీసుకెళ్లాలి. అక్కడ నా వాదానికి గట్టి దెబ్బ తగులుతుంది.

ఆ కొత్త నగరం కట్టేటప్పుడు లె కొర్బూజియే పినతండ్రి వరస తమ్ముడు పియరీ జనరె 1951 నుంచి 1965 దాకా అక్కడే ఉన్నాడు. ఆఫీసులకూ, కాలేజీలకూ, హైకోర్టుకూ కుర్చీలు కావాలి. టేకు, శీశం కర్రలతో, బేతు అల్లికతో, తిరగేసిన 'వి' అక్షరంలా ఉండే కాళ్లతో జనరె బృందం నమూనాలు గీసింది. స్థానిక వడ్రంగులు వేలకొద్దీ చేశారు. వాళ్లలో ఒక్కరి పేరూ వేలం పుస్తకాల్లో కనబడదు, అది వేరే బాధ. గుమాస్తా, ప్యూను, విద్యార్థి, కక్షిదారు, అందరూ కూర్చున్నారు. నేను కోరేది అదేగా? మరి ఏమైంది? అల్లిక తెగితే బాగుచేయించినవాడు లేడు. కాలు విరిగితే మూలకు తోశారు. మేడలమీద, వరండాల్లో ఎండకూ వానకూ కుప్పలు పోశారు. చివరికి తుక్కు కింద వేలం వేశారు. పారిసు వ్యాపారులు వచ్చి లారీలకెత్తుకుపోయారు. బాగుచేసి అమ్మితే ఒక్కోటి లక్షలు పలికింది. అప్పుడు మనవాళ్లకు మెలకువ వచ్చి, 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాన్లు వారసత్వ సంపద, అమ్మకూడదు అంది.

ఆ కుర్చీల ప్రాణం నిలిపింది, కూర్చున్నవాళ్లు కాదు, కూర్చోకుండా కొన్నవాళ్లు. ఒప్పుకోక తప్పదు. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోవడం మనకు బాగా అలవాటు.

అలా అని నా నొప్పి తగ్గలేదు. కాకపోతే దాని చోటు కాస్త స్పష్టంగా తెలిసింది. పూనాలో రాజా దినకర్ కేల్కర్ మ్యూజియం ఉంది. చిన్నతనంలోనే పోయిన కొడుకు రాజా పేరుమీద కేల్కర్ గారు పెట్టింది. ఆయన ఊరూరా తిరిగి పాత ఇళ్లనుంచి సేకరించినవి అక్కడ వేలకు వేలున్నాయి. అడకత్తెరల దగ్గర నిలబడితే కదలబుద్ధి కాదు. గుర్రాలు, నెమళ్లు, ఆలుమగలు. ఇత్తడి ఒళ్లు, ఇనుప పళ్లు. ఇవాళ వాటితో ఎవరూ పోకలు కత్తిరించరు. అద్దాల వెనక ఉన్నాయి, తాకకూడదు. అయినా వాటిమీద నాకు కోపం రాదు. పిడి దగ్గర అరిగిన నునుపు చూడండి, ఏ అత్తగారో ఏ ముత్తవ్వో ముప్పై ఏళ్లు పట్టుకుంటే వచ్చింది. అవి ఉద్యోగం చేసి రిటైరైనవి. చండీగఢ్ కుర్చీలూ అంతే, యాభై ఏళ్లు జనాన్ని మోసి పెన్షను తెచ్చుకున్నాయి. హాయిగా కూర్చోనివ్వండి వాటిని. నాకు కిట్టనిది పుట్టుకతోనే పెన్షను తీసుకునే వస్తువు. ఒక్కరోజు కూడా డ్యూటీకి వెళ్లకుండా నెలనెలా ధర పెంచుకునేది.

నా స్నేహితురాలికి ఫోనులో ఈ మాట చెప్పాను. "అయితే నా బల్లను ఏం చెయ్యమంటావు?" అంది. అన్నం వడ్డించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. "వేడి గిన్నె పెడితే రెసిన్ పొగిలిపోతుందే, దుకాణంవాడు మరీమరీ చెప్పాడు" అంది జాలిగా. నది బొమ్మే గానీ, గిన్నె వేడి ఓర్చుకోలేదట. ఆ టేకు పలకల సంగతి తలుచుకున్నాను. ఒక్క పలక అంత వెడల్పు కావాలంటే ఎన్ని పదుల ఏళ్ల చెట్టో. దానికి ఎండా వానా కొత్త కాదు, చెదపురుగునే దగ్గరకు రానివ్వని కర్ర. నెయ్యి గిన్నె వేడికి ఏమయ్యేది? పక్కన పోసిన జిగురు సుకుమారానికి అదీ సుకుమారం నటించాల్సి వస్తోంది.

మొన్న దసరాకి బీర్పూర్ వెళ్లాం. మా అమ్మాయి డిజైను చదువుతోంది. వంటింట్లో బాపమ్మ కత్తిపీట కనబడేసరికి దానికి పూనకం వచ్చినంత పనైంది. టేకు పీట, మధ్యలో కూర్చునే చోట పల్లం, ముందువైపు హంస మెడలా లేచిన ఇనుప కత్తి, కొసన కొబ్బరి కోరే పళ్లు. పీట మీద ఒక మోకాలు మోపితే మనిషి బరువే కత్తిని కదలకుండా పట్టి ఉంచుతుంది. "అమ్మా, చెట్టూ ఇనుమూ మనిషీ ముగ్గురూ కలిస్తేగానీ ఇది నిలబడదు, చూశావా? బెంగుళూరు తీసుకుపోయి గదిలో గోడకు తగిలిస్తాను, కింద చిన్న లైటు పెడతాను" అని ఫొటోలు తియ్యడం మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపల మా అత్త వచ్చి కత్తిపీట కిందకు లాక్కుంది. దానిమీద కూర్చుని సొరకాయ చేతిలోకి తీసుకుంటూ, "ఎండాకాలం తొక్కు పెట్టుడు గానీ బిడ్డా, అప్పుడు చూద్దాం తియ్" అంది.